బంకు లైనులో అక్క

పెట్రోలు ట్యాంకర్ల వాళ్ళు సమ్మె చేస్తారట అన్న మాట మా అక్క చనిపోయిన మరునాడు తార్నాకకు చేరింది. సమ్మె ఇంకా మొదలు కాలేదు, మొదలవుతుందేమోనన్న భయమే. అంతకు ముందు కొన్ని నెలలుగా పెట్రోలు ధర పెరుగుతూనే ఉంది, జనం గొణుక్కుంటూనే పోయించుకుంటున్నారు. దొరకదేమో అనేసరికి గొణుగుడు ఆగిపోయి పరుగు మొదలైంది. అంత్యక్రియల రోజు మధ్యాహ్నానికి చౌరస్తా దగ్గరి బంకు నుంచి యూనివర్సిటీ గేటు దాకా బండ్లు నిలబడ్డాయి.

అక్క యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరైంది. బావ బడిలో లెక్కలు చెప్పేవారు. కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన క్రైస్తవ కుటుంబాలలో మాదీ ఒకటి. లాలాగూడ చర్చిలో ప్రార్థన చేసి, క్యాంపస్ మీదుగా, ఆమె పనిచేసిన ఆఫీసు ముందు ఒక్క నిమిషం ఆగి, కాచిగూడ అవతల ఉన్న సమాధుల తోటకు వెళ్ళాలని బావ అనుకున్నారు. చీకటి పడితే అక్కడి కాపలాదారు గేటు వేసేస్తాడు.

ప్రార్థనకు జనం తక్కువగా వచ్చారు. రానివాళ్ళు ఫోన్లు చేశారు. "లైన్లో ఉన్నామండీ, అయిపోగానే నేరుగా తోటకు వచ్చేస్తాం" అన్నారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించాక ఆఖరి చూపు చూసుకున్నాం. బావ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచి, "ఇక మూత వెయ్యండి" అన్నారు. స్క్రూలు బిగించారు. మాలో ఒకసారి మూత బిగిస్తే మళ్ళీ తీయరు. చర్చి నుంచి కదిలిన పెట్టెను తిరిగి ఇంటికి తీసుకురారు. తీసుకొచ్చినా పెట్టడానికి ఐసు పెట్టె కూడా లేదు, అద్దెకిచ్చినవాళ్ళు పొద్దున్నే పట్టుకుపోయారు.

వ్యానులో బావ, నేను పెట్టె పక్కన కూర్చున్నాం. అయ్యగారూ మిగిలినవాళ్ళూ ముందే తోటకు బయలుదేరారు. తార్నాక వచ్చేసరికి డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"సార్, డీజిలు ముల్లు కిందికి పడ్డది. కాచిగూడ దాకా పోదు. పొద్దుగాల రెండు బంకులల్ల స్టాక్ లేదని బోర్డు పెట్టిన్రు. గీడ పోయించుకోకుంటే నడిమిట్ల ఆగుతది."

ఇంకో వ్యాను కోసం ఫోన్లు చేశాను. అందరూ రాలేమన్నారు. డ్రైవరు లైను పక్కగా నెమ్మదిగా ముందుకు పోనిచ్చాడు. బంకు మలుపులో బైకులు అడ్డం వచ్చాయి.

"ఓ భాయ్, వెనకకు పో! మేమంత ఏమన్న పిచ్చోళ్ళమా?"

"అన్నా, లోపల బాడీ ఉన్నది."

"నేను గూడ సగం బాడీనే. పొద్దటిసంది నిలబడ్డ."

చుట్టూ నవ్వారు. బైకు తోసుకుంటూ వచ్చిన విద్యార్థి ఒకడు అందుకున్నాడు. "పెట్రోలు సెంచరీ కొట్టి ఎన్నడాయె, ఔట్ మాత్రం అయితలేదు. మనమే రనౌట్ అయ్యేటట్టున్నం." మళ్ళీ నవ్వులు. వాళ్ళ ముఖాల్లో కోపం కంటే అలసట ఎక్కువ. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. బయట వెలుగు తగ్గుతోంది, నేను దాన్నే చూస్తున్నాను.

హెల్మెట్ తీయకుండానే ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. "పొద్దుగాల ఒక అంబులెన్సోడు గిట్లనే సైరన్ కొట్టుకుంట వచ్చిండు. ట్యాంకు నింపుకున్నంక చూస్తే లోపల ఎవ్వడు లేడు. ఇప్పుడు మిమ్మల్ని నమ్మమంటే ఎట్ల?"

బావ దిగి వెనక తలుపులు తెరిచారు. "చూడండి" అన్నారు.

నల్లగుడ్డ, దాని మీద తెల్ల సిలువ, రెండు దండలు. ఆయన తొంగి చూశాడు. "పెట్టె అయితే ఉన్నది. పెట్టెల ఏమున్నదో ఎవరికెరుక?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

బావ డ్రైవరు వైపు తిరిగారు. "స్క్రూడ్రైవర్ ఉందా?"

"ఏంది సార్?"

"స్క్రూడ్రైవర్. ఇవ్వు."

డ్రైవరు నా ముఖం చూశాడు. నేను బావ చెయ్యి పట్టుకున్నాను. "వద్దు బావా."

"వద్దంటే మీ అక్కని ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్దాం? చెప్పు."

నేను చెయ్యి వదిలేశాను. ఆయన సీటు కింది పనిముట్ల సంచి తనే వెతికి తీసుకుని, వ్యాను ఎక్కి, మోకాళ్ళ మీద కూర్చుని నల్లగుడ్డ అంచు పైకి మడిచారు. మొదటి స్క్రూ తేలిగ్గానే వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండోదాని మీదికి వంగారు. బండ్ల మధ్య నిలబడ్డవాళ్ళు అందరూ చూస్తున్నారు. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ ఆపమనలేదు. జనం చెడ్డవాళ్ళై అలా నిలబడలేదని ఇప్పుడు అనుకుంటాను. మొదట పక్కకు జరిగినవాడి చోటు పోతుంది, అంతే.

"ఏయ్, ఏం మనుషులురా మీరు!" అని ఒక ఆటో డ్రైవరు అరిచాడు. "పెద్దాయనా, ఆగుండ్రి. మీకు దండం పెడత, ఆగుండ్రి." ఇంజను వెయ్యకుండానే భుజంతో తన ఆటోను పక్కకు నెట్టాడు. వెనక ఉన్న స్కూటరావిడ జరిగింది. విద్యార్థి జరిగాడు. హెల్మెట్ ఆయన అందరికంటే చివర, వ్యాను పట్టేంత మాత్రమే జరిగి, తన చోటు వదలకుండా ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

బావ స్క్రూను మళ్ళీ బిగించారు. దానికి మాత్రం చాలా సేపు పట్టింది. నేను చేస్తానన్నా ఇవ్వలేదు.

బంకు కుర్రాడు తలెత్తకుండా, "ఒక్క బండికి గింతే" అని కొంచెం డీజిలు పోశాడు. క్యాంపస్ రోడ్డు మీద అక్క ఆఫీసు ముందు ఆగుదామా అని డ్రైవరు అడిగాడు. "పోనివ్వు బాబూ" అన్నారు బావ. ఆ వైపు చూడలేదు.

తోట గేటు ఒక రెక్క అప్పటికే మూసి ఉంది. రెండోదాన్ని పట్టుకుని కాపలాదారు నిలబడి ఉన్నాడు. సెల్‌ఫోన్ల వెలుగులో అక్కను దించాం. లైన్లలో ఉన్నవాళ్ళలో ఒక్కరూ రాలేదు. అయ్యగారు "మన్ను మంటికి" అంటుండగానే వెనక ఎవరి ఫోనో మోగింది, తరువాత ఇంకొకటి. గుసగుస మొదలైంది. "సమ్మె లేదంట. మాట్లాడుకున్నరంట." ఆ కొద్దిమందీ ఒకేసారి ఊపిరి వదలడం వినిపించింది. నాకూ ఛాతీ తేలికైంది. చేతిలో మట్టి ఉండగానే ఇంటికి వెళ్ళే దారిలో రద్దీ ఉండదని అనుకున్నాను.

బావకు ఎవరూ చెప్పలేదు. అయినా విన్నారు. మట్టి వేయడం అయ్యాక, అందరూ గేటు వైపు నడుస్తుంటే, ఆయన అక్కడే నిలబడి అడిగారు.

"బంకు దగ్గర మూత తీసుంటే వాళ్ళు చూసేవాళ్ళంటావా?"

చూసేవాళ్ళు కాదని చెప్పొచ్చు. ఆయన ఒక్క రాత్రి నిద్రపోవడానికి ఆ మాట పనికొచ్చేదేమో. కానీ ఆయనతో నేను ఎన్నడూ అలా ఊరడింపుకు మాట్లాడలేదు.

"కొందరు చూసేవాళ్ళు బావా."

ఆయన తల ఊపారు. "నేనూ అదే అనుకున్నాను" అన్నారు.