డ్రిల్లు కింద ఎర్ర చుక్క

మా మావగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న టిఫిన్ డబ్బా సర్దుకుని, చెప్పులు వేసుకోబోతూ అలాగే కూలబడిపోయారు. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి ఆ రోజు కూడా డ్యూటీకే బయల్దేరారు. కొన్నేళ్ల కిందట ఆయన్ని డ్రిల్లు మెషిన్ దగ్గర్నుంచి తప్పించబోయారు, తప్పించలేకపోయారు. ఆ సంగతి తలుచుకుంటే ఇంత దుఃఖంలోనూ నాకు ఉత్సాహం ఆగదు.

శ్రీకాకుళం నుంచి వచ్చి, బెంగాలీల ఓడరేవు పేట గార్డెన్ రీచ్‌లో పడవల సామాన్లు చేసే చిన్న షాపులో కుదురుకున్నారాయన. ఏ ఇనప ముక్కనైనా ముందు బొటనవేలితో తడిమి చూసేవారు. మా ఇంట్లో కొత్త గిన్నెలకూ ఆ తనిఖీ తప్పేది కాదు. "తొందర మనకమ్మా, ఇనుముకి నేదు" అనేవారు.

కన్నం పడాల్సిన చోట ముందుగా పంచ్ అనే మొనదేరిన ఉలితో సన్నని గుంట కొడతారు. డ్రిల్లు మొన సరిగ్గా అందులో దిగాలి. కంటి ఆపరేషనయ్యాక, అద్దాలు మార్చాక కూడా ఆయనకు ఆ గుంట ఆనలేదు. రెండు ఇనప ప్లేట్లు పాడయ్యాయి. వచ్చే నెల నుంచి స్టోర్ రూములో కూర్చోమన్నాడు షాపు యజమాని. ఆ సాయంత్రం మావగారు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయారు.

నేను సైన్సు టీచర్ని. కాంతి పాఠం కోసం ఖిదిర్‌పూర్ ఫుట్‌పాత్ మీద కొన్న లేజర్ కీచైన్ పక్కనే ఉంది. ఆయన దాన్ని తీసి నొక్కారు. కంచం అంచున ఎర్ర చుక్క పడింది.

"ఏటమ్మా ఇది? నాకు కూడా కనబడతంది."

"లేజరు మావయ్యా."

"డ్రిల్లు బిగించే కాడ దీన్ని బిగిస్తే, సుక్క పడిన కాడే కన్నం పడదేటి?"

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆయన ఇత్తడి గొట్టం తరిగి, లేజర్ని అందులో దించి, పైన సైకిల్ ట్యూబు రబ్బరుతో, కింద నాలుగు వైపులా నాలుగు మరలతో నిలబెట్టారు. డ్రిల్లు మెషిన్‌కి బిగించి మోటారు వేస్తే చుక్క పడలేదు, గాజంత ఎర్ర గుండ్రం పడింది. లేజరు నిటారుగా లేదని నేను తేల్చేశాను. మరో మూడు కొనుక్కొచ్చాను. మూడూ గాజులే వేశాయి. నెలాఖరు ముంచుకొచ్చేసింది.

ఇంతలో బంద్ వచ్చింది. ముప్పై ఏళ్లు యూనియన్ జెండా పట్టిన మనిషి, బంద్ నాడు మెషిన్ వేస్తే ఇంకేమన్నా ఉందా? అయినా షాపు తాళం తీసుకుని నన్ను రమ్మన్నారు.

"మోటారెయ్యను. సేత్తో తిప్పితే పని కాదు, ఆట."

బస్సుల్లేని రోడ్డు మీద క్రికెట్ ఆడుతున్న పిల్లల మధ్య నుంచి నడిచి వెళ్లాం. మెషిన్‌కి బిగించిన గొట్టాన్ని నేను మెల్లగా చేత్తో తిప్పాను. మోటారు వేగంలో గాజులా కనిపించింది ఇప్పుడు ఒంటరి చుక్కై నా చేతితోపాటు నడుస్తోంది. చిన్న కదలిక ఆయనకు తెలియదు కనుక నన్నడుగుతున్నారు.

"కదిల్నాదా?"

"కదిల్నాది మావయ్యా."

ఆగమని చుక్క మీద పెన్సిల్ గీత పెట్టారు. అర చుట్టు తిప్పించి ఇంకోటి పెట్టారు. రెంటినీ చూసి నడుం నిటారు చేశారు.

"లేజరు వంకరైతే ఏటమ్మా? అది దేని సుట్టూ తిరుగుతందో అదే సెంటరు. ఈ రెండు గీతల మజ్జకి లాగితే సరి."

ఒక మర వదులు చేసి ఎదుటి మర బిగించారు. గాజు ఉంగరమైంది, ఉంగరం కందిగింజైంది. ప్రతిసారీ అదే ప్రశ్న. ఆఖరికి "కదల్నేదు" అన్నాను. ఆయన స్టూలు మీద కూలబడి పకపకా నవ్వారు. నేను నూనె చేతులతోనే చప్పట్లు కొట్టాను. అంతలో డ్రిల్లు కింది బల్ల కాస్త దించితే చుక్క మళ్లీ పక్కకు జరిగింది. "ఒగ్గీ, ఇంకా వాలుగున్నాది, పైన కూడా నాలుగు మరలెడదాం" అన్నారు, అదీ పండగే అన్నట్టు.

నాలుగు రోజుల తర్వాత యజమాని ఆరు గుంటలున్న దళసరి ప్లేటు ముందు పెట్టాడు. చుక్క గుంటలో పడగానే తళుక్కుమనేది. అక్కడే బల్ల బిగించి, లేజరు తీసి డ్రిల్లు పెట్టేవారు. ఆరు బోల్టులూ ఆరు కన్నాల్లో జారాయి. స్టోర్ రూము మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. "మిస్త్రీ, నాకూ ఒకటి చేసిపెట్టు" అన్నాడట యజమాని. ఆ మాట చెబుతూ ఆ పూట మావగారు మారు అన్నం పెట్టించుకున్నారు.

నిన్న ఆయన సామాన్ల కోసం షాపుకు వెళ్లాను. సోమవారం ఆయన బిగించిన ప్లేటు డ్రిల్లు కింద అలాగే ఉంది. పైన ఇత్తడి గొట్టం. "తీసుకెళ్లు బౌమా" అన్నాడు యజమాని, బెంగాలీలో కోడల్ని పిలిచే మాటతో, కళ్లు తుడుచుకుంటూ. నేను తియ్యలేదు. లేజరు వెలిగించి, బంద్ నాటిలాగే చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పాను. ఎవరూ ఏమీ అడగలేదు.

"కదల్నేదు మావయ్యా" అన్నాను.