గోవర్ధనరావుకూ ఉంది కంటి ప్రెషరు

చల్లపల్లి గోవర్ధనరావుకు ఒకటే అలవాటు. ఎదుటివాడికి ఏ జబ్బుంటే అది తనకూ ఉందంటాడు. పాపం, ఆ మనిషి చెప్పడం పూర్తయ్యేదాకా అయినా ఆగడు.

గుడివాడలో పెళ్ళికెళితే భోజనాల దగ్గర పక్కనున్నాయన కిడ్నీలో రాయి ఉందన్నాడు. ఈయన ఓ చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో గారె వదలకుండా, "నాదీ కుడివైపేనండీ" అన్నాడు. ఎదురింటి సుష్మితకు వేవిళ్ళు పట్టుకుంటే ఈయనకూ అన్నం వాసన పడలేదు. కోడూరు చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ తెగులొచ్చిందని ఫోనొస్తే, చొక్కా విప్పి భార్య ఝాన్సీలక్ష్మికి వీపు చూపించాడు.

"మచ్చలేమన్నా ఉన్నాయేమో చూడు."

"మచ్చల్లేవు. సిగ్గూ లేదు," అందావిడ.

ఇలాంటి మహానుభావుడితో కాపురం చేసే ఝాన్సీలక్ష్మికి ఒంట్లో నలతగా ఉందని చెప్పుకునే యోగం కూడా లేదు. తలనొప్పి అందంటే చాలు, మంచం ఆయనెక్కుతాడు, కాఫీ ఆవిడ కలపాలి. అందుకే పక్కనున్నవి సరిగా కనబడకపోయినా చాన్నాళ్ళు నోరు మెదపలేదు. ద్వారబంధానికి గుద్దుకుని నుదురు బొప్పి కట్టాక ఇక తప్పలేదు. బందరులో కంటి డాక్టరు ఉమాశ్రీ చూసి, గ్లాకోమా అంది. పెద్దవాళ్ళు నీటికాసులనేది దాన్నే.

"నాకూ ఉందండీ," అన్నాడు గోవర్ధనరావు.

డాక్టరు వినిపించుకోలేదు. "ఇక్కడ చూసినప్పుడల్లా మీ కంటి ప్రెషరు బాగానే ఉంటోందమ్మా. నరం మాత్రం దెబ్బతింటూనే ఉంది. మేం చూడని వేళల్లో పెరుగుతోందేమో. సెన్సారున్న లెన్సు కంట్లో పెట్టి, నడుముకు రికార్డరు కడతాం. ఒక పగలూ రాత్రీ ఉంచుకోండి. అదెప్పుడు పెరుగుతోందో తెలియకపోతే ఉన్న చూపూ పోతుంది."

కంట్లో నలుసు పడితేనే ఇల్లు పీకి పందిరేసే ఝాన్సీలక్ష్మి, బల్ల మీదున్న నమూనా చూసి లేచి నిలబడింది. "కంట్లో మిషనా? కంటి చుట్టూ ఆ పట్టీ, మెడలో ఆ వైరూ ఏంటండీ? బజార్లో నవ్వరూ? గుడ్డిదాన్నైనా అవుతాను గానీ అది పెట్టుకోను."

"అయితే ముందు నాకు పెట్టండి," అన్నాడు గోవర్ధనరావు.

ఆయన పోరు పడలేక డాక్టరు లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. కాసేపటికి పట్టీ, వైరు, నడుముకు పెట్టెతో పెళ్ళికొడుకులా బయటికొచ్చాడు. బందరు బస్టాండులో, చల్లపల్లి సెంటర్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నిలబెట్టి మరీ చూపించాడు. ఝాన్సీలక్ష్మి ఈయనెవరో తెలియనట్టు ఎడంగా నడిచింది. ఇంటికొచ్చి మాగాయన్నం మారు వడ్డించుకుని, ఆ అవతారంతోనే గురకపెట్టి నిద్రపోయాడు. ముల్లు గుచ్చుకుంటే మూడూళ్ళకు వినబడేలా అరిచే ఈ దద్దమ్మకే నొప్పి లేకపోతే తనకెందుకుంటుంది అనుకుందావిడ.

మర్నాడే వెళ్ళి పెట్టించుకుంది. కాస్త గరగరలాడింది, అంతే. రికార్డరు చూపించడానికి మాత్రం ఆయన్ని ఇంట్లో వదిలేసి ఒక్కతే వెళ్ళింది. తెల్లవారుజామున ప్రెషరు ఎగబాకుతోందని తేలింది. డాక్టరు మందు మార్చి, ఇలా వాడితే ఉన్న చూపు నిలబెట్టుకోవచ్చంది.

"మరి మా ఆయనకెంతుందండీ? ఇంట్లో ప్రాణం తీస్తున్నారు."

ఉమాశ్రీ నవ్వింది. "ఆయన కళ్ళు లక్షణంగా ఉన్నాయమ్మా. అసలు మేం లెన్సే పెట్టలేదు. ఆ పట్టీ, పెట్టె ఉత్త నమూనావి. 'నేను తగిలించుకుని తిరిగితే మా ఝాన్సీకి భయం పోతుంది, ఇప్పించండి' అని బతిమాలారు."

ఎంత మోసం! కోపం తెచ్చుకుందామని బస్సులో ఝాన్సీలక్ష్మి చాలా ప్రయత్నించింది, రాలేదు. అప్పట్లో వేవిళ్ళతో ఏడుస్తూ కూర్చున్న సుష్మిత ఈయన వాలకం చూసి నవ్వి, నాలుగు ముద్దలు తినడం గుర్తొచ్చింది. మొగుడి మీద బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చి, ఆవిడకే చిరాకేసింది.

ఇంటికొచ్చేసరికి పక్కింటి అబ్బులు అరుగు మీద ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. కడుపులోకి గొట్టం వేసి చూడాలన్నారట, చచ్చినా వెళ్ళనంటున్నాడు. గోవర్ధనరావు ఏదో అనబోయి, భార్య రావడం చూసి నోరు మూసుకున్నాడు.

ఝాన్సీలక్ష్మి చెప్పులు విప్పుతూ అంది. "ఊరుకున్నారేంటండీ. పొద్దుట్నుంచీ మీకూ కడుపులో మంటేగా? ఇద్దరూ కలిసెళ్ళండి. గొట్టం ముందు మీరు వేయించుకోండి."