వాసన పళ్ళెం

మా పాత ఫ్యాక్టరీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు గుండె జాగ్రత్తలు పంపిస్తుంటారు. వెల్లుల్లి తినమని ఒకడు, ఉప్పు మానమని ఒకడు, ఆ రెండూ అందరికీ పంపి మధ్యాహ్నానికల్లా నరసరావుపేటలో బిర్యానీ ముందు కూర్చుని ఫొటో పెట్టేవాడు ఇంకొకడు. మొన్న వచ్చినదాంట్లో ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం, వాటి కింద 'దవడ నొప్పి' అని కనిపించేసరికి నా చేతిలోని కాఫీ అలాగే చల్లారిపోయింది. ఈ వరసంతా మా ఊళ్ళలో ఎవరి చేతికీ సెల్‌ఫోను రాకముందే నేను నోటికొచ్చేటంతగా విన్నాను. వినిపించినవాడు మా బాబాయి. అది కాపాడవలసిన మనిషి మా పిన్ని. కాపాడలేదు.

అప్పుడు నాకు దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. బాబాయికి సున్నపురాయి తోలే లారీలుండేవి, పిల్లలు లేరు, అందుకని వాళ్ళింట్లోనే నా మకాం. ఆ రోజుల్లో అక్కడ దుమ్ము పడని వస్తువు లేదు. చెట్లూ గేదెలూ మాత్రమే కాదు, ఊరేగే పెళ్ళికొడుకు కూడా విడిదికి చేరేసరికి తలనెరిసిన ముసలాడిలా కనిపించేవాడు. బాబాయి మీసం మాత్రం నేతితో నిగనిగలాడేది. ఆయన భోజనానికి కూర్చుంటే గిన్నెలో నెయ్యి ఎండాకాలం సాగర్ నీటిమట్టంలాగా చూస్తుండగానే అడుక్కి దిగిపోయేది. చివరికి ఆయన గుండె ఒకనాడు లోడు లారీలాగా నడిరోడ్డు మీద మొరాయించింది.

గుంటూరు డాక్టరు ఆయన్ను బతికించి, నాలుగు చివాట్లు పెట్టి, చుట్ట మాన్పించి, నడవమని చెప్పి పంపాడు. నెయ్యి, వేపుళ్ళు, ఊరగాయలు, అప్పడాలు, ఒకసారి కాగిన నూనెలో మళ్ళీ వేయించినవి కూడదన్నాడు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, సొరకాయ, పలచని మజ్జిగ, ఉప్పు ఉందా లేదా అన్నట్టు వేసిన కూర తినమన్నాడు. పిన్ని ఆ మాటను శిలాశాసనం చేసింది. బాబాయి వంట వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే గరిటె. ఉప్పు డబ్బాని నగలపెట్టెకన్నా లోతుగా దాచింది.

బాబాయి నెలరోజులు ఓర్చుకున్నాడు. తర్వాత ఒక సాయంత్రం మంచం మీద లేచి కూర్చున్నాడు.

“ఏమే, తినొద్దన్నాడు గానీ వాసన చూడొద్దన్నాడా ఆ డాక్టరు? నాలుగు మిరపకాయ బజ్జీలు ఏసి నా ముందర పెట్టు. చూసి ఇచ్చేత్తా.”

అప్పుడు మొదలైంది వాసన పళ్ళెం. సాయంత్రమైతే బజ్జీలు, ఆదివారమైతే వేట మాంసం వేపుడు, వానపడితే గారెలు. బాబాయి పళ్ళెం ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గోడ మీద క్యాలెండరు రెపరెపలాడేలా గాలి పీల్చేవాడు. తనివి తీరాక, నైవేద్యం ముగించిన దేవుడిలాగా పళ్ళెం వంటింటి గుమ్మం వైపు చాచేవాడు. లోపలి నుంచి పిన్ని చెయ్యి వచ్చి అందుకునేది. ఆయన చాచడం, ఆమె అందుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, ఆయన అటు చూసేవాడు కూడా కాదు.

దేవుడు ముట్టని ప్రసాదం ఎవరో ఒకరు తినాలి కదా. నేను షిఫ్టు లేని రోజున నా వంతు నేను లాగించేవాణ్ణి. మిగతా రోజులన్నీ పిన్నివే. “ఇంత నూనె పోసి చేసింది పారేత్తే కళ్ళు పోతయ్ అబ్బయ్యా,” అంటూ పొయ్యి దగ్గర నిలబడే తినేది. రెండు వంటలు చేసిన మనిషికి మూడో వంట చేసుకునే ఓపికెక్కడిది, తన అన్నంలోకి బాబాయి మానేసిన ఊరగాయే. అంటే ఆయన వదిలేసిన నెయ్యీ నూనే ఉప్పూ ఆ ఇల్లు దాటి పోలేదు, పళ్ళెం మారాయంతే. చూస్తుండగా బాబాయి చింతబరికెలాగా సన్నబడి, మాచవరం దాకా నడిచొస్తానని బెదిరించే స్థితికొచ్చాడు. పిన్ని బిందె నీళ్ళు మోస్తే నాలుగుచోట్ల దించేది.

“కూకుని తింటే ఆయాసం రాదా ఏంది?” అనేవాడాయన, ఏనాడూ కూర్చుని తినని మనిషిని పట్టుకుని.

ఆయన్ను పలకరించడానికి చుట్టాలు ఏడాది తర్వాత కూడా వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళకి కాఫీ తర్వాత బాబాయి హరికథ తప్పదు. ఛాతీ మీద ఏనుగు కూర్చున్నట్టుంటుందనీ, చెమటతో పంచె పిండుకోవచ్చుననీ, కడుపులో తిప్పుతుందనీ, గ్యాసని సోడా తాగుతూ కూర్చుంటే పాడె కట్టుకోవడమేననీ, ఒక్కొక్క లక్షణాన్నీ అభినయించి మరీ చెప్పేవాడు. రొంపిచెర్ల నుంచి మా అత్త, అంటే ఆయనకి చెల్లెలు, వచ్చిన రోజున కథ దవడ దాకా వచ్చింది. “ఇదిగో, ఈడ లాగిద్ది,” అని బాబాయి తన దవడ పట్టుకుని చూపిస్తున్నాడు. అప్పుడే కాఫీలు తెచ్చిన పిన్ని కూడా ఒక చేత్తో దవడ పట్టుకునే ఉంది. ఇద్దరూ అద్దంలో బొమ్మల్లాగా ఉన్నారు.

“ఏంది వదినా, చెంప అట్టా పట్టుకున్నావ్?” అంది అత్త.

“పుప్పి పన్నులే చెల్లెమ్మా,” అని పిన్ని బదులు బాబాయే చెప్పేశాడు. “లవంగం పెట్టుకోవే అంటే ఇనదు. ఆ గొడవకేంగానీ, నే చెప్పేది చానా ముఖ్యం, ఇను.”

మర్నాడు పిన్నికి పన్ను పీకించారు. అందులో పుచ్చు మచ్చుకైనా లేదు, తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. నొప్పి తగ్గలేదంటే, అయితే పక్క పన్ను అయ్యుంటుందన్నాడు బాబాయి.

ఆ వారం తిరక్కుండానే ఒక సాయంత్రం, పొయ్యి మీద నూనె కాగుతుండగా పిన్ని పెరట్లోకి పోయి వాంతి చేసుకుని, నిలువునా చెమటలో తడిసి వచ్చి గుమ్మంలో కూలబడింది. “ఏందే, ఏమైందే?” అంటూ లేచిన బాబాయి సగంలో ఆగి తన గుండె పట్టుకున్నాడు.

“ఒరేయ్, నాకేందో అయితందిరో!”

ఇంకేముంది, వీధి వీధంతా ఆయన మీద పడింది. ఎవరో కారు తెచ్చారు, ఇద్దరు కాళ్ళూ ఇద్దరు చేతులూ పట్టుకున్నారు. అప్పుడు పిన్ని లేచింది. ఆయన మాత్రల సంచి, తువ్వాలు, ఉప్పులేని జావ పోసిన ఫ్లాస్కు సర్ది నా చేతికిచ్చింది. నువ్వు కూడా ఎక్కు పిన్నీ అన్నాను. “చోటేడుందిరా? పొయ్యి మీద బాండీ ఉంది, మీరు పోండి,” అంది దవడ నొక్కుకుంటూ.

గుంటూరులో రాత్రంతా తీగలు తగిలించి చూసి, ఆ గుండె కుర్రవాడి గుండెలా ఉందన్నాడు డాక్టరు. ఇంట్లో మీ తిండి చూసేదెవరో గానీ ఆవిణ్ణి జాగ్రత్తగా చూసుకోండి అని కూడా అన్నాడు. తెల్లవారి కారు మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటిముందు జనం. బాబాయి మురిసిపోయి కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

“నాకేం కాలేదర్రా! గట్టిగా ఉన్నా!”

జనం పక్కకి తప్పుకుని ఇంట్లోకి దారి ఇచ్చారు. పిన్ని వంటింటి గోడకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. పొయ్యి ఆర్పి ఉంది. పక్కనే పళ్ళెంలో బజ్జీలు, ఈగలు వాలకుండా మూత పెట్టి, ఆయన వచ్చి వాసన చూస్తాడని.

ఇప్పుడు నరసరావుపేటలో గుండె డాక్టరు బోర్డు కనిపించని వీధి లేదు. బాబాయికి ఎనభై దాటింది, పూటకూళ్ళింటి నుంచి చప్పిడి క్యారేజీ వస్తుంది, గుండె మాత్రం క్రషరు మిషనులాగా ఆడుతోంది. చుట్టాలొస్తే కథ ఇప్పటికీ చెబుతాడు. ఆడవాళ్ళకి ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి దవడే లాగొచ్చునని, తనే కనిపెట్టినట్టు కొత్తగా ఒక ముక్క కలిపాడు. కిందటి నెల నేను చూడ్డానికి వస్తున్నానని తెలిసి ఫోను చేసి, నాలుగు బజ్జీలు కట్టించుకు రారా, తినన్లే, అన్నాడు.

తీసుకెళ్ళాను. పాత పళ్ళెంలోనే పెట్టాను. కళ్ళు మూసుకుని పీల్చాడు, క్యాలెండరు కదిలేంత ఊపిరి ఇప్పుడు లేదు. పీల్చి, ఎప్పటిలాగే అటు చూడకుండా, పళ్ళెం వంటింటి గుమ్మం వైపు చాచాడు. బజ్జీలు చల్లారేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.