హెడ్డక్క, పన్నెండు స్ప్రింగులు

ఆమె పనంతా ఇంజను హెడ్ల మీదే. లారీ ఇంజనుకు పైన కూర్చునే ఆ బరువైన ఇనుప దిమ్మ, అందులోని వాల్వులు, అదే ఆమె లోకం. గేరుబాక్సు మాటెత్తితే "పక్క షెడ్డుకు వెళ్ళండి" అంటుంది. బ్రేకుల సంగతి అడిగితే వినబడనట్టే ఉంటుంది. అందుకే ఊరంతా ఆమెను హెడ్డక్క అంటారు. ఆ పేరు విని బడి హెడ్‌మిస్ట్రెస్ అనుకుని ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, "మేడమ్, ఆరో తరగతిలో సీటుందా?" అని అడిగాడు. హెడ్డక్క ఏమాత్రం తడుముకోకుండా, "సీట్లకేం, పన్నెండున్నాయి. అన్నీ అరగదీయాలి" అని విప్పి పెట్టిన హెడ్డులో వాల్వు సీట్లు చూపించింది. ఆ పెద్దమనిషి కూతురు వారం రోజులు నవ్వి ఉంటుంది.

ఆమె మొగుడు లారీ డ్రైవరు. ముప్పై ఏళ్ళుగా ఒకటే లారీ. ఊరి బయట కొండదారిలో ఏటా లారీల పందెం జరుగుతుంది. బండి నిండా ఇసుక వేసుకుని ఒక్కొక్కరుగా పైకి ఎక్కాలి, తక్కువ సమయంలో ఎక్కినవాడు గెలిచినట్టు. ఒకప్పుడు ఆ పందెంలో మొదటి పేరు ఆయనదే. గత రెండేళ్ళుగా మాత్రం మూడో మలుపు దగ్గరకు వచ్చేసరికి ఇంజను దగ్గడం మొదలుపెడుతోంది. పోయినేడైతే బండిని అక్కడే పక్కకు ఆపి, నడుచుకుంటూ కిందికి దిగి వచ్చాడు.

"ఈసారి కూడా ఇలాగే అయితే బండి అమ్మేసి ఇంట్లో కూర్చుంటా" అన్నాడు.

ఇంట్లో కూర్చున్న డ్రైవరు ఎలా ఉంటాడో ఆమెకు తెలుసు. ఆదివారాలు చూస్తూనే ఉందిగా. ఫ్యాను మోత పెడుతోందంటాడు, టీ చల్లారిందంటాడు, పదకొండయ్యేసరికి గుమ్మంలో నిలబడి, రోడ్డున పోయే ప్రతి బండి డ్రైవరుకూ గేరు వేయడం రాదని తేల్చేస్తాడు. వారానికి ఒక రోజంటే సరే. ఏడు రోజులూ అంటే ఎవరి తరం? అలా వేళాకోళంగా అనుకుందే గానీ ఆమెకు లోపల దిగులు పట్టుకుంది. లారీ లేకపోతే ఆయన మనిషిగా మిగలడని ఆమె భయం.

ఇంజను ఎందుకు దగ్గుతోందో ఆమెకు ఎప్పుడో తెలుసు. గేరు మార్చకుండానే మలుపు దాటేయాలని ఆయన డీజిల్ పంపును సర్దించుకున్నాడు. అంతకుముందు నిమిషానికి రెండున్నర వేల చుట్ల దగ్గర ఆగే ఇంజను ఇప్పుడు మూడువేలు దాటి తిరుగుతోంది. వాల్వుల స్ప్రింగులు మాత్రం బండి కొన్న కొత్తలో బిగించినవే. ఆ వేగంలో అవి వాల్వును సమయానికి మూయలేవు. తలుపు మూసుకునేలోపే మళ్ళీ ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది వాటి పని.

"పంపు ఒక్కటీ మారిస్తే సరిపోతుందా? వాల్వుల్ని అడిగారా?" అంది.

"వాల్వులు మాట్లాడవే."

"నాతో మాట్లాడతాయి. స్ప్రింగులు మార్చాలంటున్నాయి."

గట్టి ఉక్కువి పన్నెండు తెప్పించింది. చూడటానికి పాతవీ కొత్తవీ కవలపిల్లలే, తేడా అంతా ఉక్కులోనే. బలం తేల్చడానికి హెడ్డక్కకు సొంత పద్ధతి ఒకటుంది. రెండు స్ప్రింగుల్ని ఎదురెదురుగా, మధ్యలో రేకు ముక్క పెట్టి, బల్లకు బిగించిన వైసులో పెట్టి నొక్కుతుంది. ఏది ముందు కుంగిపోతే అది బలహీనమైనది. అలా కొత్తవాటిని జతలు జతలుగా పరీక్షించి పళ్ళెంలో పేర్చింది. శుక్రవారం పన్నెండూ బిగించింది. మధ్యలో ఒక్కసారి టీకి లేచింది, అంతే.

శనివారం పొద్దున్నే షెడ్డు వెనక ఎత్తు రోడ్డు మీద బండి నడిపి చూశారు. ఆమె పక్క సీట్లో చెవి రిక్కించి కూర్చుంది. రెండువేల ఎనిమిదొందలు. బాగుంది. మూడువేలు. ఇంకా బాగుంది. ఇంకొంచెం తొక్కగానే ఎక్కడో సన్నగా టకటకమంది.

"ఒక వాల్వు వెనకబడుతోంది" అంది.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. అది పంపు చప్పుడనలేదు, గాలి చప్పుడనలేదు, నీ చెవి తప్పనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వాదించకపోవడం ఇదే మొదలు.

షెడ్డుకు రాగానే ఆమె పాత స్ప్రింగుల డబ్బా తీసి మళ్ళీ వైసులో జతలు కట్టింది. మొదటి నాలుగు జతలూ సమంగా కుంగాయి. ఐదో జతలో ఒకటి పూర్తిగా ముడుచుకుపోయింది, రెండోది మొండికేసి నిలబడింది. పాతవాటిలో కొత్తది ఉందంటే, ఇంజనులో పాతది ఉందన్నమాట. తెల్లారితే పందెం. ఇన్నేళ్ళలో తప్పు చేయని చేతులు ఇప్పుడే, ఆయన బండికే తప్పు చేశాయా? తన చేతులకేసి చూసుకుంటూ నిలబడిపోయింది.

ఆ మొహం చూసి ఆయన ఇక ఆగలేకపోయాడు. "అది నేనే మార్చానే" అన్నాడు.

"ఏది?"

"మూడో సిలిండరుది. నువ్వు టీకి లేచినప్పుడు. కొత్తదాన్ని ఈ డబ్బాలో వేసి, పాతదాన్ని డీజిల్లో కడిగి పళ్ళెంలో దాని చోట పెట్టేశా."

"బుద్ధుందా మీకు? ఎందుకు?"

"మీ నాన్న షెడ్డులో మొట్టమొదట నువ్వు నా బండికి బిగించింది అదొక్కటేనే. అప్పటికింకా మన పెళ్ళి మాటే లేదు. పదకొండూ ఆయన బిగించి, చివరిది నిన్ను బిగించమన్నాడు. నీ చెయ్యి జారి స్క్రూడ్రైవరు గీత పడింది దాని మీద. ఆ గీత నాకు గుర్తు. అది ఉన్నన్నాళ్ళూ బండి నన్ను దారిలో దించలేదు."

"పోయినేడు దించిందిగా!"

"అది పంపు వల్ల."

ఆమెకు ఒళ్ళు మండింది. "గీత పడ్డ స్ప్రింగు ఆ గీత దగ్గరే విరుగుతుంది, తెలుసా? విరిగితే వాల్వు పిస్టను మీద పడి ఇంజను పిండైపోయేది. ఇన్నాళ్ళు విరగకపోవడమే గొప్ప!"

"పన్నెండింట్లో ఒక్కటేగా అనుకున్నా."

ఇంకా చాలా తిట్టాలనే అనుకుంది. మాటలు కూడా సిద్ధంగానే ఉన్నాయి. కానీ తిట్టబుద్ధి కాలేదు. తాను పద్దెనిమిదేళ్ళప్పుడు చేసిన ఒక చెత్త పనిని ఈ మనిషి ముప్పై ఏళ్ళు అపురూపంగా మోసుకు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"స్ప్రింగు సంగతి ఏ పెళ్ళాం అడుగుతుందండీ!"

"నువ్వు అడుగుతావనుకున్నా."

నవ్వొచ్చేసింది ఆమెకు. కళ్ళు తుడుచుకోబోయి చెంపకు గ్రీజు పూసుకుంది. వాల్వు లోపలికి జారిపోకుండా ఇద్దరూ కలిసి మూడో సిలిండరు పిస్టనును పైకి తెచ్చారు. ఆయన స్ప్రింగును అణిచే మీట నొక్కి పట్టుకుంటే ఆమె గీత పడ్డ స్ప్రింగు తీసి కొత్తది కూర్చోబెట్టింది. అరగంట పని.

ఆదివారం జనమంతా కొండపైన ముగింపు గీత దగ్గర గుమిగూడితే, ఆమె ఒక్కతే మూడో మలుపు దగ్గర బండరాయి మీద కూర్చుంది. ఆయన వంతు వచ్చింది. బండి కనబడకముందే వినబడింది. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. ఇప్పుడు గేరు మారుస్తాడనుకున్న చోట మార్చలేదు. ఇంజను శబ్దం పైకి, ఇంకా పైకి లేచింది. టకటక లేదు. ఇసుక లోడుతో ఆ పాత లారీ మలుపు తిరిగి, ఆమె మొహాన ఇంత దుమ్ము కొట్టి, ఆగకుండా పైకి వెళ్ళిపోయింది. ఆమె లేచి నిలబడి, ఎవరూ చూడట్లేదు కదా అని, హాయిగా ఏడ్చేసింది.

ఆయనకు రెండో స్థానం వచ్చిందని మైకులో చెప్పారు. కాస్సేపటికి లారీ కిందికి దిగి వచ్చి ఆమె పక్కనే ఆగింది. ఆయన దిగాడు. ఓడినందుకు మొహం వేలాడేసుకుంటాడేమో, ఏం చెప్పి ఓదార్చాలా అని ఆమె మాటలు వెతుక్కుంటోంది.

"ఏమే, మూడువేల మూడొందలు తిరిగింది! ఇంకో రెండొందలు పెంచొచ్చంటావా?"

"పెంచొచ్చు. ముందు వాల్వుల్ని తొక్కే రాకర్లు చూడాలి."

"రేపు షెడ్డు ఎన్నింటికి తెరుస్తావు?" అన్నాడాయన.