ఒంటికాలి పెళ్ళికొడుకు

రిసెప్షన్‌లో కేకు కోసే పెళ్ళికొడుకుని మీరంతా చూసే ఉంటారు. కేకు మీద కూర్చున్న పెళ్ళికొడుకుని చూశారా? గుడివాడలో హాలు నిండా జనం చూశారు. ఆ మహానుభావుణ్ణి నేనే.

ముందు నా కాళ్ళ సంగతి చెప్పాలి. బందరులో మా తాతగారి నుంచి మాకు సెంటు భూమి రాలేదు గానీ, ఒక నరాల జబ్బు మాత్రం దస్తావేజులు లేకుండానే సంక్రమించింది. పాదాల్లో పట్టు మెల్లమెల్లగా తగ్గిపోతుంది. చదును నేల మీద కూడా కాలివేళ్ళు తట్టుకుంటాయి. నాన్నకుంది, మా మేనత్త మార్తమ్మకుంది, నాకుంది. మేం ముగ్గురం చర్చికి నడిచి వెళ్తుంటే, ఆకు కదలని రోజు కూడా తుఫాను గాలి వీస్తోందనుకుంటారు చూసేవాళ్ళు.

ఫిజియోథెరపీ మేడమ్ నాకు బ్యాలెన్స్ వ్యాయామాలు నేర్పారు. వంటింటి గట్టు పట్టుకుని ఒక కాలు ఎత్తాలి. నెమ్మదిగా పట్టు సడలించాలి. "రోజూ చెయ్యండి. గట్టు దగ్గరే చెయ్యండి, పక్కన మనిషిని పెట్టుకోండి. అలసిపోయినప్పుడు అసలు వద్దండీ" అన్నారు. 'రోజూ చెయ్యండి' దాకా విని, మిగతాది ఆవిడకే వదిలేశాను. పెళ్ళినాటికి గట్టు వదిలేసి కాసేపు కొంగలా నిలబడగలిగాను. ఆ కాసేపటికే నాకు కొమ్ములొచ్చాయి.

రిసెప్షన్‌కి షోకు కోసం, పాదాలకు ఆసరాగా బూట్లలో పెట్టుకునే ప్లాస్టిక్ పట్టీలు తీసేసి, నున్నటి కొత్త బూట్లు తొడిగాను. స్టేజీ మీద నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయాయి. అప్పుడే మా ఆవిడ సునీత మేనమామ, కోడూరు ప్రభుదాసుగారు, కుర్చీ ఒకటి నా వైపు జరిపారు.

"కూర్చోండి అల్లుడుగారూ. మీ కాళ్ళ సంగతి అమ్మాయి చెప్పిందిలెండి."

"పర్లేదండీ."

"మొహమాటం దేనికండీ! మా చేపల చెరువు గట్టు మీదైతే ఎలా నడుస్తారో ఏంటో!"

చుట్టూ కిసుక్కుమన్నారు. సునీత నా మోచేయి గిల్లింది. "పట్టించుకోకండి. కూర్చోండి."

పెళ్ళాం మొదటి మాట వినుంటే ఈ కథే లేదు.

"చూడండి మావయ్యగారూ!" అని, గట్టూ గోడా లేని స్టేజీ నడిబొడ్డున కుడికాలు ఎత్తేశాను. తాను నిలబడ దిక్కు లేదు, పైగా ఒంటికాలి సర్కస్సొకటి!

"సూపర్ సార్! అలాగే ఉండండి!" అని ఫోటోగ్రాఫర్ అరిచాడు.

అయ్యా, అలాగే ఉండటమే కదా నాకు చేతకానిది! ముందు చీలమండ ఊగింది, తర్వాత మోకాలు, ఆ తర్వాత వంశప్రతిష్ఠ. పక్కనున్న నాన్న భుజం పట్టుకున్నాను. అంత జనంలో పట్టుకోకూడని భుజం ఏదైనా ఉందంటే అదే. నాన్న మార్తమ్మత్త చెయ్యి పట్టుకున్నారు.

"వదులన్నయ్యా!"

"నేనెలా వదిలేదే? నన్ను వాడు వదలట్లేదు!"

అత్త టేబుల్ గుడ్డ పట్టుకుంది. గుడ్డతోపాటు మూడంతస్తుల కేకు నాకంటే ముందే కిందికి దిగి, నాకు పరుపు పరిచింది. నా మీద నాన్న, నాన్న మీద అత్త. పెళ్ళికొడుకు తలుచుకుంటే దెబ్బలకు కొదవా? కానీ క్రీము దయవల్ల ఒక్కరికీ గీత పడలేదు.

పాట ఆగిపోయింది. ఏం చెయ్యాలో తోచక పాస్టరుగారు "ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసుకున్నారు.

ప్రభుదాసుగారు బిక్కచచ్చిపోయి, "అమ్మాయీ, వీళ్ళింట్లో ఒక్కరూ నిలబడరా?" అన్నారు.

సునీత పెళ్ళిచీరతోనే వచ్చి నా పక్కన క్రీములో చతికిలబడింది. "నిలబడటం మాటెలా ఉన్నా, పడేటప్పుడు ఒకర్నొకరు వదలరు మావయ్యా" అంది. నా కోటు జేబులోంచి ఓ కేకు ముక్క తీసి నా నోట్లో పెట్టింది. "ఇప్పుడు తియ్యండి ఫోటో!"

ప్రభుదాసుగారు కూడా నవ్వలేక నవ్వి, మా అత్తకు చెయ్యి అందించారు.

తర్వాత నెలలో నరాల డాక్టరుగారు అడిగారు: "ఈ జబ్బు మీ కుటుంబంలో ఎవరెవరికి ఉందండీ?"

సునీత ఫోన్లో ఆ ఫోటో తీసి చూపించింది. "కింద ఉన్నవాళ్ళందరికీనండీ. నాకు మాత్రం పెళ్ళితో వచ్చింది."

కాబట్టి సకల బంధుమిత్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట గోడకు చెయ్యి ఆనించకుండా కాలెత్తను. పక్కన మనిషి కావాల్సివస్తే, మా వంశంలో పుట్టని మనిషినే పెట్టుకుంటాను.