పెద్దబాపు పెట్టిన రాయి

మొయినాబాద్ దగ్గర రోడ్డు వెడల్పు చేశాక, ఎదురుగా కనిపిస్తున్న టీకొట్టుకు చేరాలంటే కిలోమీటరు ముందుకు పోయి వెనక్కి తిరిగి రావాలి. చాయ్ తాగాలన్న కోరిక దారిలోనే తీరిపోతుంది. మొన్న ఆ మలుపులో ఆగి ఉండగా ఫోను మోగింది. చాలాకాలంగా ఎవరూ ఆడనందున మా చేవెళ్ల జట్టు పేరు తీసేస్తున్నామని ఒక ఆటల సైటు కబురు.

కరోనా రోజుల్లో, లెక్కల టీచరుగా రిటైరైన మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, నాకూ చెల్లెకూ గో ఆట నేర్పాడు. గీతలు కలిసేచోట నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పెడుతూ జాగా చుట్టుకోవాలి. నాలుగు పక్కలా దారి మూసుకుపోయిన రాయి చచ్చినట్టే. రాళ్లు పాతి జాగా చుట్టుకోవడం మా ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు కనుక తొందరగానే వంటబట్టింది. ఆ సైటులో మేము ముగ్గురం ఒక జట్టయితే, మొయినాబాద్‌లో ఉండే మేనబావ మరో ఇద్దరితో మాకు పోటీ జట్టు కట్టాడు. ఒక్కొక్కరు వంతుగా ఒక రాయి పెట్టాలి, సొంత జట్టువాళ్లతోనైనా ఆట గురించి మాట్లాడకూడదు. ఎవరికి వీలైనప్పుడు వారు ఆడేవారు గనుక ఒక్క ఆట వారాల తరబడి సాగేది, ఆ వారాలన్నీ నాకు కుదురుండేది కాదు. టమాటా చేనుకు నీళ్లు పెడుతూ ఫోను, పళ్లు తోముతూ ఫోను; చర్చి మళ్లీ తెరిచాక, ప్రార్థనలో అందరూ రెండు కళ్లూ మూసుకుంటే నేను ఒకటే మూసేవాణ్ణి.

మేము ఒక్కసారీ గెలవలేదు. పెద్దబాపుకు కంటి ఆపరేషన్ ఖాయమై, ఈ ఆటతో ఫోను చూడటం బంద్ అన్నాడు. ఆయనకు ఒక్క గెలుపైనా చూపించాలని నేనూ చెల్లే పంతం పట్టాము. సగం ఆటకు మాదే పైచేయి. ఎడమపక్క హద్దు మూస్తే చాలు. సరిగ్గా అప్పుడు పెద్దబాపు, బావ వాళ్ల జాగా నడిమధ్యన ఒంటరిగా ఒక రాయి పెట్టాడు.

అది బతకదని నాక్కూడా తెలిసింది. ఆయన కన్ను మోసం చేసిందనుకున్నాను. వదిలేసి హద్దు మూయడమే తెలివి. కానీ పెద్దబాపు చూస్తుండగా ఆయన రాయిని చావనివ్వడమంటే, ఆయన నిలబడి ఉండగా మనం కుర్చీలో కూర్చోవడం లాంటిది. దాని పక్కన నేనొకటి పెట్టాను, తర్వాత చెల్లె ఒకటి పెట్టింది. తన వంతు రాగానే పెద్దబాపు ఎడమ హద్దు దగ్గర పెట్టాడు. పాపం, మొదటిది ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడని మేము దానికి ఇంకా గట్టిగా కాపలా కాశాము. చివరికి కాపలా రాళ్లన్నీ పోయాయి, ఎడమపక్కా పోయింది, ఆటా పోయింది. బావ వెంటనే మెసేజ్ పెట్టాడు: "ఏంది బామ్మర్ది, పిలువకముందే ఒకరెనుక ఒకరు మా ఇంట్ల జొచ్చిండ్రు, బువ్వ గూడ పెట్టాల్నా?"

ఇప్పుడు బావ కలిసేది పెళ్లిళ్లలోనే. అన్నీ అడిగిన నిమిషంలో వచ్చేస్తున్నాయి. ఒక రాయి కోసం మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరగడం ఇప్పుడు దేనికీ జరగదు. కళ్లు బాగైనా పెద్దబాపు ఆ ఆట జోలికి పోలేదు, నిరుడు మనిషే పోయాడు. ఆపరేషన్‌కు దవాఖానకు తీసుకుపోతున్న రోజు, ముందుసీట్లో నేనూ చెల్లే ఆయనను ఓదార్చే మాటల కోసం వెతుకుతుంటే, వెనకనుంచి ఆయనే అన్నాడు:

"ఆ రాయిని చావనీకే పెట్టిన్రా. వాళ్లు దాన్ని చంపుకుంట కూసుంటే మీరు హద్దు మూస్తరనుకున్న. మిమ్ములనెవడు రమ్మన్నడు?"