పైన రాయాల్సిన కాలేజీ

జూలై నెల, ఆదివారం. పొద్దున్నుంచి ముసురు. ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మా అబ్బాయి, కోడలు, మనవరాలు.

నా డైరీలో ఆ రోజు పుట ఇలాగే మొదలవుతుంది. బొగ్గు గనిలో షిఫ్టు పని చూసే సర్దారుగా ఉన్నన్నాళ్లూ రిపోర్టు పుస్తకంలో ముందు తేదీ వేసి, తర్వాత షిఫ్టులో ఎవరెవరున్నారో రాసేవాణ్ణి. రిటైరయ్యాక పుస్తకం మారింది కానీ పద్ధతి మారలేదు.

మనవరాలు ఇంటర్ పూర్తి చేసి ఇంజనీరింగ్ ఎంట్రన్సులో మంచి ర్యాంకే తెచ్చుకుంది. కావలసిన కాలేజీలను వరుసగా కంప్యూటర్లో పెట్టడం కూడా అయిపోయింది. అసలు సీట్లు పంచే ముందు, ఈ వరుసతో అయితే ఏ సీటు వస్తుందో చూపించే నమూనా జాబితా ఒకటి ఇస్తారు. ఆ ఉదయం అది వచ్చింది. కరీంనగర్ దగ్గరి ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రికల్ సీటు చూపించింది. మా అబ్బాయి గొడుగు కూడా తీసుకోకుండా పోయి మటన్ తెచ్చాడు.

అందరం తింటున్నాం. మనవరాలు మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది.

"సీటొచ్చిన పిల్ల మొకం గిట్లుంటదా?" అంది నా భార్య.

"నేను అడిగింది రాలే అవ్వా."

ఆ పిల్ల అడిగింది హైదరాబాద్‌లోని ఒక సర్కారు కాలేజీ. పోయిన చలికాలం లెక్చరర్లు పిల్లల్ని అక్కడికి తీసుకుపోయినప్పుడు, ల్యాబులో ఒక పాత మోటారు విప్పి చూపించారట. అప్పటి నుంచి ఆమె నోట మరో కాలేజీ పేరు లేదు.

"అడిగినవు కదా బిడ్డా, రెండో నంబరుల పెట్టినం," అన్నాడు మా అబ్బాయి.

"రెండోది పెడితే ఎట్లొస్తది డాడీ? మొదటిదే ఇచ్చేసె. ఇగ కిందికి చూడనే చూడరు. పోయినేడు నా ఎనుక ర్యాంకోళ్లకు గూడ అండ్ల సీటొచ్చింది."

"ఏడాదికో తీరుంటది. అది పైన పెట్టి, రాకపాయె. అప్పుడు ఇది గూడ పోతది. మనం లైన్ల చివరికి పోతం."

లైను మాట ఎక్కడిదో నాకు తెలుసు. మా ఏరియాలో ఆ రోజుల్లో గని కంపెనీ ఇచ్చే క్వార్టర్ కోసం దరఖాస్తు పెట్టుకుంటే, అడిగింది దొరకనివాడు మళ్లీ వరుస చివరికి పోవాల్సిందే. అందుకే తెలివైనవాడు బాగున్నదాన్ని కాక ఖాళీగా ఉన్నదాన్ని అడిగేవాడు. మా అబ్బాయి కొత్తగా గనిలో డ్యూటీకి చేరినప్పుడు సెంటినరీ కాలనీలో రెండు గదులది కావాలని రాసి, అది దొరక్క చాలా కాలం రేకుల గదిలో కిరాయికి ఉన్నాడు. ఈ పిల్ల పుట్టింది ఆ గదిలో ఉన్నప్పుడే. వానకాలమంతా కప్పు కారుతుంటే ఉయ్యాలను ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూ గడిపారు. ఖాయమైనదే పైన రాయాలని వాడి మనసులో ముద్ర పడిపోయింది. క్వార్టర్ల విషయంలో అది తప్పు కూడా కాదు.

కాలేజీల సంగతి నాకు తెలియదు. తెలియని సంగతి మీద వాదించే అలవాటు నాకు లేదు. వరుస మార్చుకోవడానికి మరునాటి సాయంత్రం దాకా గడువుంది. తేల్చుకునే దారి మాత్రం నాకు తెలుసు.

"చేతులు కడుక్కోండ్రి," అన్నాను. "నీ బిడ్డ దగ్గర చార్జి తీస్కో."

గనిలో చార్జి అంటే, షిఫ్టు మారేటప్పుడు దిగిపోయే సర్దారు పైకప్పు ఎక్కడ వదులుగా ఉందో, గాలి ఎలా ఉందో చెబుతాడు. వచ్చినవాడు అదంతా తన మాటల్లో తిరిగి చెప్పాలి. నా షిఫ్టులో 'తెలిసింది లే' అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. తిరిగి చెప్పలేనివాడికి తెలియనట్టే లెక్క.

"బాపు, ఇది గని కాదు."

"నాలుగేండ్లు సదువవోయేది నీ బిడ్డ. తీస్కో."

"తీస్కోరాదు!" అంది కోడలు. "షిఫ్టుల ఓవర్‌మెన్ ముందట నోరు లేవదు గానీ, ఇంట్ల బాగ లేస్తది."

మనవరాలు ల్యాప్‌టాప్ తెరిచి నిబంధన చదివింది. ర్యాంకు ప్రకారం ఒక్కొక్కరి వంతు వస్తుంది. వంతు వచ్చినవాళ్ల కాలేజీలను పై నుంచి వరుసగా చూస్తారు. వాటిలో ఖాళీ ఉన్న మొదటిదాంట్లో సీటు ఇస్తారు.

"చెప్పు," అన్నాను మా అబ్బాయితో.

"పైది చూస్తరు. అది లేకపోతే మన వంతు పోతది."

"అది ఏడుంది డాడీ? నేను చదవనే లేదు!"

నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వాడు తెర దగ్గరికి జరిగి తనే చదువుకున్నాడు.

"మన వంతొచ్చినంక పైది చూస్తరు. లేకుంటె... దాని కిందిది చూస్తరు." ఆగాడు. "అప్పుడే చూస్తరా?"

"అప్పుడే."

"నడుమల మన ఎనుకోనికి ఇయ్యరా?"

"మన వంతు ఒడిసినంకనే వాని వంతు."

వాడు తెర మీది ఆ వాక్యం కింద వేలు పెట్టి మళ్లీ చదివాడు. "అంటే పైది రాకపోయినా ఇది ఏడికీ పోదు."

"గదే కదా రెండ్రోజుల సంది మొత్తుకుంటున్న!"

"మొత్తం ఇంకోసారి చెప్పు," అన్నాను. ఈసారి ఎక్కడా ఆగకుండా చెప్పాడు. మనవరాలు హైదరాబాద్ కాలేజీని పైకి జరిపి, సేవ్ నొక్కే పని వాళ్ల నాన్నకే ఇచ్చింది. తర్వాత వంటింట్లోకి పోయి గిన్నెలో మిగిలిన మటన్ వేసుకుంది.

అసలు సీట్లు ఇచ్చిన రోజు పుట వేరే ఉంది. ఆమెకు ఆ కాలేజీయే వచ్చింది. ఆ ఆదివారం ల్యాప్‌టాప్ ముందు నుంచి లేచేసరికే నాకు అందులో అనుమానం లేదు. ఆమె ర్యాంకును నేను నమ్మాను. వరుస ఇప్పుడు సరిగ్గా ఉంది.

వరుస మార్చిన మరునాడు, సోమవారం పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికి వెళ్లాను. గని బస్సు ఆగే చోట మొదటి షిఫ్టు వాళ్లు నిలబడి ఉన్నారు. మా అబ్బాయి ఒక తోటి కార్మికుణ్ణి పక్కకు పట్టుకుని ఏదో చెబుతున్నాడు. ఆయన కొడుకూ ఈ ఏడాదే కాలేజీ వెతుకుతున్నాడు.

"గదేందన్నా, ఖాయమైంది పైన పెట్టుమని మొన్న నువ్వే చెప్తివి. గట్లనే పెట్టినం."

"మొన్న చెప్పింది ఇడిసెయ్. ఇయ్యాల సాయంత్రం దాక టైముంది. ఇప్పుడు చెప్పింది తిరిగి చెప్పు."

"సమజైందన్నా."

"సమజైందంటె నడువదు. నోటితో చెప్పు."

ఇంతలో బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కి ఒకే సీట్లో కూర్చున్నారు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది: "పైది చూస్తరు. అది లేకుంటె... ఆగన్నా, చెప్పనియ్యి..."